ఎరుపెక్కిన నేల మీద ఒక బస్సు రోజు

ఆగస్టు చివరి వారం, 2024
డెనాలి నేషనల్ పార్క్, అలాస్కా

పార్కు మొత్తానికీ రోడ్డు ఒక్కటే, 92 మైళ్ళు. సొంత కార్లను 15వ మైలు దాకానే, సావేజ్ నది వంతెన వరకే రానిస్తారు. ఆ పైన బస్సే గతి. ఆ బస్సు కూడా ఇప్పుడు 43వ మైలు దగ్గర వెనక్కి తిరిగేస్తోంది. ప్రెట్టీ రాక్స్ అనేచోట ఏళ్ళుగా మెల్లగా జారుతున్న కొండచరియ 2021లో మరీ జోరందుకుంది. మంచుతో గట్టిపడి ఉండే నేల లోపల కరుగుతుంటే పైన రోడ్డు ఎక్కడ నిలుస్తుంది? అవతలి సగం మూసేసి వంతెన కడుతున్నారు.

అమ్మ ఎక్కగానే కిటికీ సీటు పట్టేసింది. డెనాలి శిఖరం మాత్రం కనపడలేదు. 20,310 అడుగుల కొండ, అయినా మబ్బు చాటున ఆనవాలు కూడా లేదు. వచ్చేవాళ్ళలో మూడోవంతు మందికే ఆ భాగ్యమని డ్రైవరమ్మ బయలుదేరకముందే చెప్పేసింది. నాకైతే పెద్దగా బాధనిపించలేదు. కింద నేలంతా ఎర్రగా మండిపోతోంటే పైకి చూడాలని ఎవరికనిపిస్తుంది! చెట్లు పెరగని ఎత్తులో మోకాలి దాకా వచ్చే పొదలు, వాటి ఆకులు కుంకుమ రంగుకి తిరిగాయి. వాగుల వెంట విల్లో పొదలు పసుపు.

సేబుల్ పాస్ దగ్గర వెనకనుంచి ఎవరో "స్టాప్!" అని కేకేశారు. తల్లి ఎలుగుబంటి, వెంట రెండు పిల్లలు. గ్రిజ్లీ అంటే నల్లగా, భయంకరంగా ఊహించుకుంటాం గానీ ఇది ఎండుగడ్డి రంగులో ఉంది. బ్లూబెర్రీలు తింటోంది. బైనాక్యులర్స్‌లో చూస్తే, పళ్ళు ఏరుకోవడం లాంటిదేమీ లేదు. కొమ్మని నోట్లోకి తీసుకుని తల పక్కకి తిప్పి దూసేయడమే. ఆకులు కూడా పోతున్నాయి లోపలికి. పిల్లలు కొట్టుకుంటున్నా పట్టించుకోలేదు.

"దాని దుంప తెగ, ఒక్కసారి తల ఎత్తలేదే!" అంది అమ్మ.

ఎత్తితే కుదరదు మరి. సముద్రం పక్కనుండే ఎలుగులకు సాల్మన్ చేపలు దొరుకుతాయి, బాగా బలుస్తాయి. ఇక్కడివాటికి చాలావరకు వేర్లు, గడ్డి, పళ్ళు. ఎండాకాలం మొదట్లో జత కట్టినా పిండం వెంటనే గర్భసంచికి అంటుకోదు, నెలల తరబడి అలా ఆగి ఉంటుంది. చలి ముదిరేనాటికి తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు ఉంటేనే కడుపు నిలుస్తుంది, గుహలో నడి చలికాలంలో కాన్పు. ఇదంతా చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తిననీలే పాపం" అంది.

తిరుగు దారిలో టెక్లానికా దగ్గర దిగాం. అందరూ నదివైపు కెమెరాలు తిప్పారు. నేను బెంచీ కింద నేల ఉడుతని చూస్తూ కూర్చున్నాను. మన ఉడుతకంటే బాగా బొద్దు, వీపు మీద చారల బదులు తెల్ల చుక్కలు. వెనక కాళ్ళ మీద నిటారుగా లేచి, ముందు కాళ్ళతో ఒక గింజకంకిని వంచి పట్టుకుని బుగ్గల్లో కుక్కుకుంటోంది. బుగ్గలు రెండూ ఉబ్బిపోయినా ఆపట్లేదు.

నాకు డెనాలి అంటే ఇకనుంచి ఇదే. ఏడెనిమిది నెలలు బొరియలో పడుకుంటుంది. ఒంటి వేడి సున్నాకంటే కిందికి, మైనస్ 2.9 డిగ్రీల దాకా దిగిపోతుంది, అయినా రక్తం గడ్డకట్టదు. రెండు మూడు వారాలకోసారి వణికి వణికి ఒళ్ళు వేడి చేసుకుని మళ్ళీ చల్లబడుతుంది. అలస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు 1980లలో కొలిచి తేల్చారు దీన్ని. ఈ అడవిలో ఉన్న ఒకే ఒక్క కప్పది ఇంకో దారి. ఆకుల కింద నిజంగానే గడ్డకట్టేస్తుంది, గుండె ఆగిపోతుంది. కాలేయం ఒళ్ళంతా గ్లూకోజ్ నింపి కణాలని కాపాడుతుంది. వసంతంలో కరిగి గెంతుకుంటూ పోతుంది. కప్పని చూడలేదు, చూస్తానని ఆశ కూడా లేదు.

దీని ముందు తోడేళ్ళు కనపడలేదని బస్సులో గొణిగే వాళ్ళని చూస్తే కొంచెం నవ్వొస్తుంది. పెద్ద జంతువుల లెక్కలు వేసుకుని వస్తారు, అయిదింటిలో ఎన్ని చూశామని. అప్పటికి మా బస్సుకి మూడు: ఎలుగు, కారిబూ అనే మంచుదేశపు జింక, ఇగ్లూ కొండమీద తెల్ల చుక్కల్లా డాల్ గొర్రెలనే అడవి గొర్రెలు. 1917లో ఈ పార్కు పెట్టించడానికి ప్రకృతి పరిశీలకుడు చార్లెస్ షెల్డన్ పోరాడింది ఆ గొర్రెల కోసమే.

నాలుగోది పార్కు గేటు దగ్గరపడ్డాక దొరికింది. రోడ్డు పక్కనే మగ మూస్, గుర్రమంత పెద్ద జింక. కొమ్ముల మీది నూగుతోలు ఊడిపోయే కాలం, పీలికలు పీలికలుగా కళ్ళ ముందు వేలాడుతోంది, కింద ఎముక నెత్తుటి ఎరుపు. చెట్టుకేసి రుద్దుకుంటోంది.

"అయ్యో, దెబ్బ తగిలిందే దానికి!"

"దెబ్బ కాదమ్మా, ఏటా ఇంతే. వచ్చే నెల పోట్లాటలున్నాయి, దానికి తయారవుతోంది."

"ముఖం చూస్తే తెలుస్తోందిలే."

రేపు సావేజ్ నది ఒడ్డున నడక. పులిహోర కొంచెం మిగిలింది, అది పట్టుకెళ్ళాలి. అమ్మ మోకాళ్ళు ఒప్పుకుంటే వంతెన దాటి అవతల గట్టు కూడా.