కానుగ గింజల నుంచి కరంజిన్ తీసిన నా అనుభవం

ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రాజెక్టుకి కానుగ తీసుకున్నాను. దేవరకొండ వైపు మా ఊళ్లో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అదే చెట్టు. కాయలు ఏరుతుంటే మా నాయనమ్మ "గజ్జికి నూనె రాస్తం, పొలానికి చెక్క ఏస్తం, ఇంకేం చూస్తవు బిడ్డా అండ్ల?" అంది. గజ్జికి రాసే ఆ నూనెలో ఏముందన్నదే నేను చూడాలనుకున్నది, ముఖ్యంగా అందులో ఉండే కరంజిన్ అనే పదార్థాన్ని.

ముందు పూలున్న కొమ్మను బాటనీ సార్‌కి చూపించి పేరు ఖాయం చేయించుకోండి. పొంగామియా పిన్నాటా, మిల్లెటియా పిన్నాటా రెండూ కానుగే. ఒక్క పేరుతో వెతికితే చాలా పేపర్లు దొరకవు.

పప్పు ఎండబెట్టి దంచి, 200 గ్రాములు సాక్స్‌లెట్‌లో (వేడి సాల్వెంట్‌ని పొడి మీదుగా మళ్లీ మళ్లీ పోనిచ్చే గాజు పరికరం) పెట్టి, హెక్సేన్ అనే సాల్వెంట్‌తో నూనె తీశాను. ఆ నూనెలో మిథనాల్ పోసి ఊపితే మిథనాల్ పైకి తేలుతుంది, మనకు కావలసినవి అందులోకి వస్తాయి. ఇలా మూడుసార్లు చేశాను.

అందులో ఎన్ని పదార్థాలున్నాయో చూడటానికి టీఎల్‌సీ చేశాను, అంటే సిలికా పూసిన ప్లేటు మీద చుక్క పెట్టి, హెక్సేన్, ఇథైల్ అసిటేట్ కలిపిన సాల్వెంట్‌ని పైకి పాకనిస్తే పదార్థాలు విడివిడి మచ్చలవుతాయి. ఆ ప్లేటు యూవీ లైటు కింద పెడితే ఒకటే మచ్చ కనిపించి ఎంత సంబరపడ్డానో! కానీ మచ్చ అడుగున కొంచెం సాగినట్టు అనిపించింది, అనుమానంతో ఇథైల్ అసిటేట్ తగ్గించి మళ్లీ నడిపిస్తే అది రెండుగా విడిపోయింది, పైన ఒకటి, దాన్ని ఆనుకుని కింద ఇంకొకటి. ఒక్క సాల్వెంట్‌తో చూసి ప్యూర్ అని ఎప్పుడూ రాసుకోవద్దు.

ఆ రెండింటినీ విడదీయడానికి కాలమ్ (సిలికా పొడి నింపి పైనుంచి సాల్వెంట్ పోసే పొడవాటి గాజు గొట్టం) పెట్టాను, అది మొదటిసారి పాడైంది. మే నెల, మహబూబ్‌నగర్ ఎండ, కరెంటు లేదు, నేను ఫోన్ వచ్చి బయటికెళ్లేసరికి హెక్సేన్ మొత్తం దిగిపోయి సిలికా ఎండి నిలువునా పగిలింది. వారం పని పోయింది, ఆ రాత్రి అన్నం తినలేదు. రెండోసారి పక్కనే కూర్చుని, ఇథైల్ అసిటేట్ కొద్దికొద్దిగా పెంచుతూ, కింద దిగింది పట్టిన ప్రతి చిన్న గొట్టానికీ టీఎల్‌సీ చూశాను. ముందు పై మచ్చ దిగింది, తర్వాత కిందది. ఆ రెండోదాన్ని మిథనాల్‌లో వేడిచేసి కరిగించి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి ఫ్లాస్కు అడుగున తెల్లటి సన్నని సూదులు!

అవి 158 డిగ్రీల దగ్గర కరిగాయి. మాస్‌లో (అణువు బరువు చూపే పరీక్ష) 293 వచ్చింది, కరంజిన్ అణుభారం 292, దానికి ఒక ప్రోటాన్ కలుస్తుంది కాబట్టి సరిపోయింది. కానుగ నూనెలోనే ఉండే ఇంకో పదార్థం పొంగామాల్ అయితే 295 రావాలి. ఎన్ఎమ్ఆర్ (అణువులో హైడ్రోజన్లు ఎలా అమరి ఉన్నాయో గీతలుగా చూపే పరీక్ష) కోసం హైదరాబాద్ పంపి పది రోజులు టెన్షన్‌తో ఉన్నాను. కరంజిన్‌లోని మిథాక్సీ భాగానికి 3.9 పీపీఎం (ఎన్ఎమ్ఆర్ కొలత) దగ్గర ఒకే గీత, ఫ్యూరాన్ హైడ్రోజన్లు రెండు చిన్న జంట గీతలు, పొంగామాల్‌కి ఉండే 17 దగ్గరి గీత లేనే లేదు. సార్ ప్రింటు చూసి "కరంజినే" అన్నారు.

ముందు దిగిన గొట్టాల్లోది ఇంకా జిడ్డుగానే ఉంది, దాన్ని మళ్లీ కాలమ్‌కి ఎక్కించాలి.