విశాఖ నుంచి హైదరాబాద్, వయా బెంగళూరు

నాన్నకి అదే మొదటి విమానం. స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. హైదరాబాద్ ఎప్పుడొచ్చినా గోదావరి ఎక్స్‌ప్రెస్సే. "సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. నిద్ర కూడా అయిపోద్ది, ఇంకేటి కావాలి?" అనేవారు. మే నెల ఎండలు చూసి ఈసారి నేనే పట్టుబట్టి రాత్రి ఏడున్నర ఫ్లైట్‌కి టికెట్లు తీశాను. గంటంపావులో దిగిపోతాం నాన్నా అని ఊరించాను. ఆ గంటంపావు మాట ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

గేటు దగ్గరుండగా మా ఆవిడ మెసేజ్ పెట్టింది. "ఇక్కడ ఈదురుగాలి, వడగళ్లు. కరెంటు పోయింది." నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆఫీసు పని మీద నెలకోసారైనా విమానం ఎక్కేవాణ్ని, నాకు తెలియని కుదుపులా అని ధీమా.

అరగంట బాగానే సాగింది. నాన్న వేడినీళ్లు పోసిచ్చిన కప్పు ఉప్మా తిని, మీ అమ్మ చేసినట్టు లేదన్నారు. నేను బెల్టు తీసేసి కూర్చున్నాను, అలవాటు కొద్దీ. ఇంతలో బెల్టు లైటు వెలిగింది. వెనకే పైలట్ గొంతు: "క్యాబిన్ క్రూ, టేక్ యువర్ సీట్స్." ఎయిర్‌హోస్టెస్‌లు ట్రాలీని గబగబా వెనక్కి లాక్కెళ్లి, వాళ్ల సీట్లలో కూర్చుని భుజాల మీదుగా బెల్టులు బిగించుకున్నారు. మనకి చెప్పడం మామూలే. వాళ్లనే కూర్చోమన్నాడంటే నాకు మొదటిసారి గుండె జారింది. నా బెల్టు వెతుక్కుని పెట్టుకున్నానో లేదో, విమానం కింద నేల తీసేసినట్టు పడింది.

నా ముందు సీటాయన టీ కప్పు చేతిలోంచి లేచింది. కప్పు ఒకచోట, టీ ఒకచోట. పైన లగేజీ పెట్టే మూతకి కొట్టుకుని, కిందికి రాలేటప్పుడు నాన్న చొక్కా మీద, నా కళ్లజోడు మీద చుక్కలు పడ్డాయి. ఎవరో "గోవిందా గోవిందా" అన్నారు, పది గొంతులు కలిశాయి. వెనక సీట్లో చిన్నపిల్లాడు మొదటి కుదుపుకి జెయింట్ వీల్ ఎక్కినట్టు నవ్వాడు, మూడోదానికి ఏడుపు అందుకున్నాడు. కిటికీలోంచి చూస్తే మెరుపు వచ్చినప్పుడల్లా రెక్క తెల్లగా వెలిగి, కొస పైకీ కిందికీ ఊగుతూ కనబడుతోంది. చూడకపోతే భయం, చూస్తే ఇంకా భయం.

ఎంతసేపు అలా ఉందో చెప్పలేను. కాసేపటికి చక్రాలు దిగిన చప్పుడు, కింద ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు కనబడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. ఇక తగులుతుంది అనుకున్న క్షణంలో ఇంజిన్లు ఒక్కసారిగా గర్జించి, ముక్కు పైకెత్తి, మమ్మల్ని సీటుకి అదిమేసి మళ్లీ మబ్బుల్లోకి తీసుకుపోయింది. నేను గట్టిగానే అరిచాను. "లైట్లు కనబడుతున్నాయి కదా, దించడేంటి వీడు!"

నాన్న నా మోచేయి పట్టుకున్నారు. "ఏట్రా అలా అయిపోతున్నావు? గాలి కుదర్లేదేమో."

ఆయన యార్డులో రిక్లెయిమర్ ఆపరేటరు. ముడిఖనిజం కుప్పల్ని తోడిపోసే యంత్రం అది. పట్టాల మీద నడుస్తుంది, ముందుకు చాచిన పొడవాటి ఇనుప చెయ్యి ఉంటుంది. గాలి హద్దు దాటితే హూటర్ మోగేదట. వెంటనే పని ఆపి, పట్టాలకి క్లాంపులు బిగించి దిగిపోవాలి. "కింద ఇంకో గంట పని ఉందనీ, పైవాళ్లు తిడతారనీ చూసుకోవడం ఉండదు. ఆపడమే." 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ ఎయిర్‌పోర్టు కప్పునే చీల్చేసింది. ఆ గాలిని చూసిన మనిషి ఆయన.

పైలట్ మాట్లాడటానికి ఐదు నిమిషాలు పట్టింది. నాకు ఆ ఐదు నిమిషాలే అన్నిటికంటే కష్టం. తర్వాత ఇరవై నిమిషాలు గాల్లోనే చక్కర్లు, ఆపైన "బెంగళూరుకి మళ్లిస్తున్నాం". ఇంధనం చాలుతుందా అని ఇంకో భయం పట్టుకుంది.

బెంగళూరులో దిగాక విమానంలోనే కూర్చోబెట్టారు. రెండు గంటల పైనే. ఏసీ అంతంతమాత్రం, తలా ఒక నీళ్ల బాటిల్, బిస్కెట్ ప్యాకెట్. కొందరు పాపం ఆ ఎయిర్‌హోస్టెస్‌ల మీద విరుచుకుపడ్డారు. నేను ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. ఉరుములమబ్బు కింద గాలి నేలకి కొట్టుకుని చుట్టూ విరజిమ్ముతుందట. దిగుతున్న విమానానికి ముందు ఎదురుగాలి తగిలి లేపుతుంది, కొన్ని సెకన్లకే అది వెనకగాలిగా మారి వేగం పడిపోతుంది. వెయ్యి అడుగుల ఎత్తులో అలా జరిగితే సర్దుకునే చోటుండదు. అందుకే అనుమానం వస్తే దించరు, పైకి లేపేస్తారు. ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టుకి చేరేంత, అక్కడ ఇంకో 30 నిమిషాలు తిరిగేంత ఇంధనం లేకుండా అసలు బయల్దేరనే బయల్దేరరట. రెక్కలనైతే ఎగిరేటప్పుడు ఎదురవ్వచ్చని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా కడతారు. నేను వీడూ వాడూ అన్న పైలట్ మీద అప్పుడు సిగ్గేసింది.

అక్కడితో ఆపుంటే బాగుండేది. ఇంకా చదివాను. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద 4.6 సెకన్లలో 178 అడుగులు కిందికి పడింది, బెల్టు లేనివాళ్లు పైకప్పుకి కొట్టుకున్నారు, ఒకాయన చనిపోయారు. సరిగ్గా ఏడాదికి, 2025 మే 21న, ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న విమానం వడగళ్లలో చిక్కుకుంది. ముక్కు బద్దలైనా అందరూ క్షేమంగా దిగారు. ఈ రెండిట్లో నాకు గుర్తున్నది మొదటిదే. ఆ మొదటి అరగంటలో నా బెల్టు ఎక్కడుందో తలుచుకుంటే చెమట పట్టింది.

"దిగిపోదాం నాన్నా. పొద్దున్నే బస్సో రైలో చూసుకుందాం" అన్నాను. అప్పటికే కొందరు బ్యాగులు తర్వాత తీసుకుంటామని దిగిపోతున్నారు.

ఆయన కదల్లేదు. "బండి బాగానే ఉంది. నడిపేవాడూ బాగానే ఉన్నాడు. వానే బాలేదు. తగ్గాక వెళ్దాం, కూర్చో."

ఒంటిగంట దాటాక లేపారు. దారంతా నేను సీటు ఆర్మ్‌రెస్ట్ వదల్లేదు. నాన్న నిద్రపోయారు. ఎడమవైపు ఎక్కడో దూరంగా మబ్బులు మెరుస్తూనే ఉన్నాయి, విమానం వాటిని తప్పించుకుంటూ వంపు తిరిగి వెళ్లింది. శంషాబాద్‌లో చక్రాలు తగిలినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బ్యాగులు తీసుకుని క్యాబ్ ఎక్కేసరికి మూడున్నర. రోడ్డంతా తడి, డివైడర్ మీద విరిగిపడిన కొమ్మలు. నాన్న చొక్కా మీద టీ మరకని గోటితో గీరుకుంటూ కాసేపు బయటికి చూశారు.

"గోదావరి ఈపాటికి కాజీపేట దాటేసుంటాది" అన్నారు.