ఒక్క టైల్ తుడుద్దామని మొదలుపెట్టా

ఇవాళ సెలవే కదా, తీరిగ్గా కూర్చుందాం అనుకున్నా, కానీ పొద్దున్నే ఎండ కిటికీలోంచి తిన్నగా వచ్చి స్టవ్ వెనకాల గోడ మీద పడింది, ఆ స్టీల్ టైల్స్ మీదున్న వేలిముద్రలు, జిడ్డు తుంపర్లు, నీళ్ళ మరకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోమన్నట్టు బయటపడ్డాయి. సరే ఒక్క టైల్ తుడుద్దాం అని మొదలుపెడితే లేచేసరికి మధ్యాహ్నం రెండున్నర.

మొదటి ఐదు నిమిషాల్లోనే తప్పు చేసేశా. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ చేతికి దొరికితే దాంతోనే గుండ్రంగా రుద్దేశా, జిడ్డు పోయింది, హమ్మయ్య అని పొడిగుడ్డతో తుడిచి కాస్త పక్కకి జరిగి చూస్తే టైల్ మధ్యలో సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. మావి బ్రష్‌డ్ ఫినిష్ టైల్స్, అంటే తయారుచేసేటప్పుడే పైనుంచి కిందకి వెంట్రుక లాంటి గీతలు గీసేస్తారు, చేత్తో తడిమితే పెద్దగా తెలీదు గానీ వెలుతురు పడితే కనిపిస్తాయి. ఆ గీతల వెంబడే తుడవాలట. నేనేమో వాటికి అడ్డం పడి రుద్దా. ఇంక ఆ గోడ వైపు ఎప్పుడు చూసినా నాకు ఆ ఒక్క టైలే కనపడుతుంది.

ఇనుప పీచు తియ్యలేదు, అంతవరకు నయం. ఇదివరకు సింక్ మీద ఆ పని చేస్తే వారం తిరక్కుండా చుక్కలు చుక్కలుగా తుప్పు తేలింది, స్టీల్‌కి తుప్పేంటి అని కంగారుపడ్డా, తీరా అది సింక్‌ది కాదు, పీచులోంచి రాలి అతుక్కున్న ఇనుప రజనుది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలి తగిలి పైన కంటికి కనపడని పొర కట్టుకుంటుంది, గీత పడ్డా మళ్ళీ కట్టుకుంటుంది, పాపం. ఆ పొరకి అస్సలు పడనిది బ్లీచ్, సన్న సన్న గుంటలు పడేలా తినేస్తుంది. బాత్రూమ్ క్లీనర్ సీసా పక్కనే ఉంటే తీసుకెళ్ళి లోపల పెట్టేశా, నా మీద నాకే నమ్మకం లేక.

మిగతావన్నీ గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కలు డిష్‌వాష్ లిక్విడ్, మైక్రోఫైబర్ గుడ్డ, అంతే. నీళ్ళ మరకలు మాత్రం అలా పోలేదు, అది నీళ్ళలోని కాల్షియం ఎండి అతుక్కున్నది, వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డకి అద్ది తుడిస్తే కరిగింది. టైల్స్ మధ్య సిమెంట్ సందుల్లోకి వెనిగర్ దిగకూడదు, దాన్నీ తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యడం, తడి వదిలేస్తే మళ్ళీ అవే మరకలు.

పై వరసలో రాగివి నాలుగు, ఇత్తడివి రెండు ఉన్నాయి. అమ్మకి ఫోన్ చేస్తే "నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దవే, తళతళలాడిపోద్ది" అంది. ఓ మూల రుద్ది చూశా. టైల్ అంతా అలాగే ఉంది, అంచున పెచ్చు లేచిన చోట మాత్రం గోరంత గులాబీ రంగు మచ్చ పడింది. అమ్మ చెప్పింది గిన్నెలకి కరెక్టే, కానీ ఈ టైల్స్ నల్లబడకుండా పైన లాకర్ అని వార్నిష్ లాంటి పూత ఉంది, నిమ్మరసం ఆ పూత లేని చోటే పనిచేసింది. ఇంకాస్త గట్టిగా పాలిష్ పెట్టుంటే పూత కూడా ఊడి టైల్ అంతా మచ్చలమయం అయ్యేది. తడిగుడ్డ పెట్టి వదిలేశా.

ఇంతలో మా బుడ్డోడు ఫ్రిజ్ మీది బాతు బొమ్మ మ్యాగ్నెట్ పట్టుకొచ్చి కుర్చీ ఎక్కాడు. రాగి వాటికి అతుక్కోలేదు. ఇత్తడి దానికి టక్కున అతుక్కుంది! ఇత్తడంటే రాగీ జింకూ, దానికి మ్యాగ్నెట్ పట్టదు. అంటే ఇన్నాళ్ళూ ఇత్తడి అనుకున్నది ఇనుము మీద ఇత్తడి పూత. వాటికి పాలిష్ పెట్టుంటే ఆ కాస్త పూతా అరిగిపోయేది.

వాడు దిగుతూ దిగుతూ ఆ బాతుని తీసుకెళ్ళి నేను గీతలు పెట్టిన స్టీల్ టైల్‌కి అతికించాడు, స్టెయిన్‌లెస్‌లో మ్యాగ్నెట్ పట్టే రకాలు కూడా ఉంటాయి, మావి అవే అన్నమాట. సరిగ్గా సాలెగూడు మీదే కూర్చుంది బాతు. జరపొద్దురా, ఇంకో గీత పడుద్ది అన్నా.