థాంక్యూ పేజీలో ఉండవలసిన కోడ్

కిందటి అడ్మిషన్ల సమయంలో ఒక కోచింగ్ సంస్థకు నేను ల్యాండింగ్ పేజీ (ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీ) చేసి ఇచ్చాను. ప్రకటనలు మొదలైన మూడో రోజుకే రిపోర్టులో నాలుగు వందలకు పైగా లీడ్లు, అంటే ఫారం నింపి వివరాలు ఇచ్చినవారు, కనిపించాయి. తల్లిదండ్రులకు ఫోన్ చేసే కౌన్సెలర్ దగ్గరి షీటులో మాత్రం 19 పేర్లే ఉన్నాయి. పేజీ వెనుక ఉండే సోర్సు కోడ్ తెరిచి చూస్తే, ఫారం పంపిన తరువాత వచ్చే థాంక్యూ పేజీలో మాత్రమే ఉండవలసిన కన్వర్షన్ కోడ్ (ఒక లీడు వచ్చిందని ప్రకటనల వ్యవస్థకు చెప్పేది), సైటు మొత్తానికి వర్తించే హెడర్ పెట్టెలో అతికించి ఉంది. అంటే పేజీ తెరిచిన ప్రతివారూ లీడుగా లెక్కకు వచ్చారు. ఖర్చు సంగతి అలా ఉంచితే, ప్రకటనల వ్యవస్థ ఆ లెక్కనే నమ్మి, ఫారం నింపేవారికి బదులు ఊరికే నొక్కి వెళ్లిపోయేవారిని వెతికి తేవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

గూగుల్ యాడ్స్‌లో ట్యాగ్ అనే సాధారణ కోడ్ అన్ని పేజీల హెడ్ భాగంలోనూ ఉండాలి, లీడును లెక్కించే ఈవెంట్ కోడ్ (పైన చెప్పిన కన్వర్షన్ కోడ్) మాత్రం పని పూర్తయిన చోటే ఉండాలి. థాంక్యూ పేజీ వేరుగా లేనప్పుడు కొందరు దాన్ని సబ్మిట్ బటన్‌కు తగిలిస్తారు. అది సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలే వేసి నొక్కినా అది లెక్కకు వస్తుంది. ఫారం విజయవంతంగా చేరిందని సర్వర్ చెప్పిన తరువాతే కోడ్ నడవాలి.

కోడ్‌ను వర్డ్ ఫైలులో దాచుకునే అలవాటు కూడా మానుకోవాలి. అక్కడ నిటారు కొటేషన్ గుర్తులు వంపు తిరిగిన గుర్తులుగా మారిపోతాయి, పేజీ పైకి మామూలుగానే కనిపిస్తుంది, బ్రౌజర్‌లో తప్పులు చూపించే కన్సోల్‌లో మాత్రం ఎర్ర అక్షరాలతో సింటాక్స్ ఎర్రర్ ఉంటుంది. సైటుకు వచ్చేవారిని లెక్కించే గూగుల్ పాత సాధనం యూనివర్సల్ అనలిటిక్స్‌లో సాధారణ ఖాతాలు 2023 జులై 1 నుంచి లెక్కలు తీసుకోవడం ఆపేసినా, ఆ పాత కోడ్ ఇంకా తగిలించి ఉన్న పేజీలు ఇప్పటికీ నా చేతికి వస్తున్నాయి.

తెలుగు పేజీలకు సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) రాసేవారికి ఇంకొక విన్నపం. ఇంగ్లీషు శీర్షికకు సరిపోయే 1.1 లైన్ హైట్‌ను (అక్షరాల సైజుతో పోలిస్తే వరుస ఎత్తును) అలాగే ఉంచితే, ‘రాష్ట్రస్థాయి ర్యాంకులు’ అన్నచోట ట, ర వత్తులు కింది వరుసను తాకుతాయి, పెట్టె దాటిన భాగాన్ని (ఓవర్‌ఫ్లో) దాచేలా పెట్టి ఉంటే తెగిపోతాయి. నేను 1.5కు తగ్గనివ్వను.

ఆ కోచింగ్ సంస్థ పేజీలో కన్వర్షన్ కోడ్‌ను సరైన చోటికి మార్చిన మరునాడు రిపోర్టులో 8 లీడ్లు, షీటులో 7 పేర్లు ఉన్నాయి. ఎనిమిదోది పరీక్ష కోసం నేను నింపిన ఫారం.