పూత నాటికి దరఖాస్తులు, కోత నాటికి పరీక్షలు

ఇంటర్‌లో ఎంఈసీ (గణితం, ఆర్థికశాస్త్రం, కామర్స్) తీసుకున్నానంటే మా వైపు అందరూ వేసే ప్రశ్న ఒకటే: ‘‘సీఏ చేస్తావా?’’ కాదంటే, ‘‘మరి బ్యాంకు పరీక్షలా?’’ రెండూ కాదు, డిగ్రీలో ఆర్థికశాస్త్రం చదువుతాను, అదీ గట్టి పోటీ ఉన్న చోట అంటే ఆ సంభాషణ అక్కడితో ఆగిపోయేది. ఇంజనీరింగ్‌కు వెళ్లేవాళ్లకు దారి చెప్పడానికి వీధికొకరు ఉంటారు. ఈఏపీసెట్ ఎప్పుడు, ఏ కాలేజీని ముందు పెట్టుకోవాలి, ఏ బ్రాంచికి గిరాకీ తగ్గింది, ఇవన్నీ టీ కొట్టు దగ్గరే తెలిసిపోతాయి. బిజినెస్, ఎకనామిక్స్ కోర్సుల సంగతి అలా నోటి మాటగా తెలిసే వీలు మా ఉలవపాడు, కందుకూరు ప్రాంతంలో లేదు. 2025లో నేను ఈ దరఖాస్తుల వ్యవహారాన్ని ఎలా నెట్టుకొచ్చానో రాస్తే మా వెనక వచ్చేవాళ్లకు కొంతైనా పనికొస్తుందని ఈ ప్రయత్నం.

ఇది ఒక్క పరీక్షతో తేలే పని కాదు. ఇంటర్ పూర్తయినవాళ్లకు కొన్ని ఐఐఎంలు ఐదేళ్ల కోర్సు నడుపుతున్నాయి. దాన్ని ఐపీఎం అంటారు. ఇండోర్ 2011లో మొదలుపెట్టింది, రోహ్తక్, రాంచీ తర్వాత చేరాయి. ఇండోర్‌కు ఐపీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, రోహ్తక్ వాళ్లు తమ పరీక్ష తామే పెట్టుకుంటారు, జమ్మూ, బోధ్‌గయ ఐఐఎంలకు జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ జిప్‌మ్యాట్ అనే పరీక్ష నిర్వహిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి వాటికి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ లాంటివి సొంత పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. ఎవరి తేదీలు వాళ్లవి, ఎవరి రుసుము వాళ్లది, చివరికి ఫొటో ఎన్ని కేబీలు ఉండాలన్నది కూడా ఎవరిష్టం వాళ్లదే.

మా నాన్న మామిడి తోటల కాపును గుత్తకు తీసుకుంటారు. ఆయన ఏడాదికీ ఈ దరఖాస్తుల ఏడాదికీ పొంతన కుదరదు. పూత వచ్చే రోజుల్లో తోట యజమానికి కట్టే విడతలకు, తేనెమంచు పురుగు మందుకు ఇంట్లో ఉన్న డబ్బంతా వెళ్లిపోతుంది. మళ్లీ డబ్బు కళ్లబడేది మే, జూన్ నెలల్లో. దరఖాస్తులు మాత్రం ఫిబ్రవరి, మార్చిలో వచ్చి కూర్చుంటాయి. ఐపీమ్యాట్ ఒక్కదానికే రుసుము నాలుగు వేలు దాటింది. అందుకని రెండో సంవత్సరం దసరా సెలవుల్లోనే ఒక పెద్ద అట్ట మీద నెలలు గీసుకుని, ఒక్కో నెల ఎదురుగా దరఖాస్తు గడువు, పరీక్ష, కావలసిన డబ్బు, ఈ మూడూ రాసుకున్నాను. చదువు ప్రణాళిక దానికి వేరేగా ఉంది. ఈ అట్ట చూపించాకే అమ్మ తన చీటీని జనవరిలో పాడదామని ఒప్పుకుంది. మామూలుగా మాకు ఆ చీటీ ఆఖరి నెల దాకా ఆగుతుంది.

జాబితా మొదట్లో చాంతాడంత ఉండేది. దాన్ని కోయడానికి ఒక్క ప్రశ్న చాలింది: సీటు వస్తే నిజంగా చేరతామా? ముంబయి, పుణేల్లోని ప్రైవేటు బీబీఏలు ఆ ప్రశ్న దగ్గరే పోయాయి. ఎక్కడో ఒకచోట రాకపోతుందా అని పది చోట్ల డబ్బు కట్టడం లాటరీ టికెట్లు కొన్నట్టు ఉంటుంది. చివరికి సీయూఈటీ, ఐపీమ్యాట్, అజీమ్ ప్రేమ్‌జీ మిగిలాయి. అజీమ్ ప్రేమ్‌జీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం ఉంటుంది. పైగా ఆ పరీక్ష, ఇంటర్వ్యూ అందరికంటే ముందు జరుగుతాయి కాబట్టి ఒక అలవాటు అవుతుందని కూడా లెక్కవేసుకున్నాను. అక్కడ ఇంటర్వ్యూ దాకా వెళ్లాను, చివరి జాబితాలో పేరు రాలేదు. అయినా అపరిచితుల ముందు కూర్చుని మాట్లాడటం ఎలా ఉంటుందో తెలిసింది.

ఇక సిలబస్. దీని గురించి కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఆంధ్రా ఇంటర్ పిల్లలు తడబడేది ఇక్కడే. సీయూఈటీ గణితం పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ప్రకారం ఉంటుంది. పన్నెండు అంటే ఇంటర్ రెండో సంవత్సరమే కదా అనుకుంటాం. మా బ్యాచ్ చదివిన సిలబస్‌లో మాత్రికలు, సదిశలు, విలోమ త్రికోణమితి ప్రమేయాలు మొదటి సంవత్సరం గణితం 1ఎలో ఉన్నాయి. అవకలనం, దాని అనువర్తనాలు 1బిలో. సంభావ్యత రెండో సంవత్సరం 2ఎలో, సమాకలనం, అవకలన సమీకరణాలు 2బిలో. అంటే సీయూఈటీ గణితానికి మేం నాలుగు పుస్తకాలూ దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. లీనియర్ ప్రోగ్రామింగ్ అయితే నాలుగింటిలోనూ లేదు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం కొనుక్కుని చదవవలసిందే. అదృష్టవశాత్తు అది తేలిక పాఠం. రేఖలు గీసి మూలల దగ్గర విలువలు చూస్తే లెక్క తేలిపోతుంది.

ఆర్థికశాస్త్రం పరిస్థితి ఇంకొక రకం. మేం చదివిన తెలుగు అకాడమీ పుస్తకంలో జనాభా, వ్యవసాయం, పరిశ్రమలు, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ విస్తారంగా ఉండేవి. సీయూఈటీలో సూక్ష్మ, స్థూల ఆర్థికశాస్త్రాల భావనలు, జాతీయాదాయం లెక్కలు, 1991 సంస్కరణల చుట్టూ తిరిగే ప్రశ్నలు ఎక్కువ. మన పుస్తకం దండగ అనను. వ్యవసాయ మార్కెటింగ్ గురించి నాకు తెలిసిందంతా దాని నుంచి వచ్చినదే. కానీ పబ్లిక్ పరీక్షకు పది మార్కుల జవాబు కంఠస్థం చేసే పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. ఒక్కో పేపరుకు గంట సమయం, యాభై ప్రశ్నలు. ఒప్పుకు ఐదు మార్కులు, తప్పుకు ఒకటి కోత. 2025లో ఎక్కువలో ఎక్కువ ఐదు పేపర్లు ఎంచుకోనిచ్చారు. నేను ఇంగ్లిష్, గణితం, ఆర్థికశాస్త్రం, అకౌంటెన్సీ, జనరల్ టెస్ట్ పెట్టాను. ఢిల్లీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు గణితం తప్పనిసరి. జనరల్ టెస్ట్ ఎందుకంటే, అక్కడి బీఎంఎస్, బీబీఈ వంటి మేనేజ్‌మెంట్ కోర్సులకు ఇంగ్లిష్, గణితంతో పాటు దాని మార్కులే చూస్తారు. ఈ పొందిక దరఖాస్తు నాడే తేల్చుకోవాలి. పేపరు వదిలేస్తే ఆ కోర్సు వదిలేసినట్టే.

ఐపీమ్యాట్‌కు వేరే కండరం కావాలి. రెండు గణిత విభాగాలు, ఒక ఇంగ్లిష్ విభాగం, ఒక్కోదానికి నలభై నిమిషాలు. ఒక విభాగంలో సమయం మిగిలినా ఇంకొకదానికి వాడుకోలేం. లాగరిథమ్‌లు, శ్రేఢులు, సంఖ్యా ధర్మాలు, ప్రస్తారాలు, సంయోగాలు, ఇలా పదో తరగతి నుంచి దుమ్ము దులపాల్సినవే ఎక్కువ. ఆప్షన్లు లేకుండా జవాబును మనమే టైపు చేసే విభాగంలో తప్పుకు కోత లేదు కాబట్టి అక్కడ దేన్నీ ఖాళీగా వదలకూడదు.

కాగితాల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. మాది బీసీ కుటుంబం. రాష్ట్రంలో ఇచ్చే కుల ధ్రువీకరణలో బీసీ అని, పక్కన ఏ, బీ, డీ లాంటి అక్షరం ఉంటుంది. ఢిల్లీలోనూ ఐఐఎంలలోనూ అడిగేది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం. కులం పేరు కేంద్ర జాబితాలో ఉండాలి, ఆదాయం ఎనిమిది లక్షల పరిమితి దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పత్రం తేదీ ఆ ఏడాది ఏప్రిల్ ఒకటి లేదా ఆ తర్వాతది అయి ఉండాలి. మార్చిలో ఎంత జాగ్రత్తగా తెచ్చుకున్నా జులైలో అది పాతదే. అందుకే అట్ట మీద ఏప్రిల్ మొదటి వారం ఎదురుగా సచివాలయం అని ఎర్ర స్కెచ్‌తో రాసుకున్నాను.

అప్పట్లో మా మండలానికి అదనంగా ఒక చిక్కు ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు వైపు మండలాలు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చాయి. నాన్న పాత కుల పత్రంలో ప్రకాశం, నా కొత్త పత్రంలో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. ఇల్లు కదల్లేదు, చెట్లు కదల్లేదు, జిల్లా మాత్రం కదిలింది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఇది ఎక్కడ వివరించగలం అని వీఆర్వో గారిని అడిగితే, ‘‘జీవో కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకో అమ్మాయ్, అడిగితే చూపిస్తావు’’ అన్నారు. పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. అడిగినది మాత్రం పేరు గురించి: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో దాని మొదటి అక్షరమే ఉంది. మన తెలుగువాళ్ల ఇంటి పేర్లు ఏ ఆన్‌లైన్ గడిలోనూ కుదురుగా ఇమడవు. ఆధార్‌ను నవంబరులోనే మెమో ప్రకారం మార్పించడం వల్ల ఆ తలనొప్పి తప్పింది.

ఒక దరఖాస్తులో వ్యాసం అడిగారు: ఈ విషయమే ఎందుకు చదవాలనుకుంటున్నారు అని. ఇలాంటి చోట దేశాభివృద్ధి, ప్రపంచీకరణ వగైరా రాయాలని చేతులు దురద పెడతాయి. మా ఎకనామిక్స్ సార్ నా మొదటి చిత్తుప్రతి చదివి, ‘‘ఇందులో మీ నాన్న ఎక్కడున్నారమ్మా?’’ అని అడిగారు. అప్పుడు గుత్త గురించి రాశాను. తోట యజమాని పూతకు ముందే కాపు ఎందుకు అమ్మేస్తాడు? పిందె పడ్డాక అమ్మితే ఎక్కువ ధర వస్తుందని ఆయనకు తెలియదా? తెలుసు. గాలివాన వస్తే రాలేది తన డబ్బు కాకూడదని తక్కువకైనా ముందే ఇచ్చేస్తాడు. ఆ భయాన్ని కొనుక్కునేది మా నాన్న. ఆయన చేతిలో అంత డబ్బు ఉండదు, మండీ వ్యాపారి పెట్టుబడి ఇస్తాడు. వడ్డీ లేదంటాడు. షరతు ఒకటే, కాయంతా తన మండీకే రావాలి. వడ్డీ ఎక్కడికీ పోలేదు, కమీషన్‌లో, తూకంలో, కాయ ధరలో కూర్చుని ఉంది. హైవే పక్క పందిళ్లలో కిలో ఎంత పలుకుతుందో చూస్తూ కూడా నాన్న తన కాయను అక్కడ అమ్ముకోలేరు.

ఐపీమ్యాట్ తర్వాత జరిగిన ఐపీఎం ఇంటర్వ్యూలో దాదాపు సమయమంతా దీని మీదే గడిచింది. ‘‘మీ నాన్నకు బ్యాంకు రుణం దొరికితే మండీని వదిలేస్తారా?’’ అని ఒకాయన అడిగారు. వెంటనే అవునని చెప్పాలనిపిస్తుంది. కాపు పోయిన ఏడాది బ్యాంకు ఆగదు, మండీ వ్యాపారి వచ్చే ఏడాది కాయకు సర్దుకుంటాడు, అందుకని పూర్తిగా వదలరు అన్నాను. ‘‘అయితే ఆ కమీషన్‌లో ఉన్నది వడ్డీ ఒక్కటే కాదన్నమాట’’ అన్నారు పక్కన ఉన్న మేడమ్. బీమా ఖర్చు కూడా ఉంది అని అప్పుడు నాకు తట్టింది. రెండేళ్ల ఇంటర్‌లో లేనంత ఆర్థికశాస్త్రం ఆ పావుగంటలో జరిగింది.

పరీక్షల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అజీమ్ ప్రేమ్‌జీ తప్ప అన్నీ మే నెలలోనే, కోతల నడిమధ్య. ఐపీమ్యాట్‌కు ముందు రోజే సింగరాయకొండలో పినాకిని ఎక్కి చెన్నై వెళ్లాం. నాన్నకు తోట వదిలే వీలు లేక మామయ్య తోడు వచ్చాడు. సీయూఈటీ పేపర్లు వేర్వేరు రోజుల్లో పడ్డాయి. మధ్య రోజుల్లో పుస్తకం పట్టుకుని తోటలో కాపలా కూర్చున్నాను, అక్కడ ఇంటికంటే చల్లగా ఉండేది.

ఫలితాలు జులై మొదట్లో వచ్చాయి. అసలు బుర్ర పెట్టాల్సింది ఆ తర్వాతే. ఢిల్లీ యూనివర్సిటీలో కోర్సు, కాలేజీ కలిపి ఒక ప్రాధాన్యంగా లెక్క. వాటిని వరసగా పెట్టుకుంటూ పోవాలి. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన మామయ్య కొడుక్కి ఇది ఒక్క నిమిషంలో అర్థమైంది. అతను చెప్పిన మాట నిజం: వస్తుందా రాదా అని చూడకుండా, ఇష్టం ఉన్న వరసలోనే పెట్టాలి. మన మార్కులకు అందేవాటిలో పైన ఉన్నదే ఇస్తారు కాబట్టి, రాదేమోనన్న భయంతో మంచిదాన్ని కిందికి తోసేస్తే నష్టం మనకే. కిందటేడు ఏ కాలేజీలో ఎన్ని మార్కుల దగ్గర సీట్లు ఆగాయో యూనివర్సిటీ బయటపెడుతుంది. అది జాబితా ఎంత పొడుగు ఉండాలో తేల్చుకోవడానికి వాడాను, వరస మార్చడానికి కాదు. సీటు వచ్చాక గడువులోగా అంగీకరించకపోతే పోటీ నుంచే తప్పుకున్నట్టు. అంగీకరించాక ‘అప్‌గ్రేడ్’ ఎంచుకుంటే పై ప్రాధాన్యం వచ్చినప్పుడు పాత సీటు దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి వెళ్లలేం. ‘ఫ్రీజ్’ అంటే ఇక చాలు అని.

మొదటి జాబితాలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ ఆనర్స్ వచ్చింది. అదే సమయంలో ఐపీఎంలో నిరీక్షణ జాబితాలో ఉన్నాను. ఐపీఎం ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, కేంద్రం పథకం పీఎం విద్యాలక్ష్మి కింద హామీ లేకుండా రుణం తీసుకోవచ్చు. బ్యాంకులో కాగితాలు కూడా కనుక్కుని ఉంచాం. ఢిల్లీ కాలేజీ ఫీజు దానితో పోలిస్తే చాలా తక్కువ. కానీ హాస్టల్ దొరకడం కష్టం, బయట పీజీ (పేయింగ్ గెస్ట్) గది అద్దె ఫీజును మించిపోతుంది, ఆ లెక్క కలపకుండా ఢిల్లీ చవక అనుకోకూడదు. రెండూ పక్కపక్కన వేసి చూసుకున్నాక కూడా ఢిల్లీయే తేలిక. ‘అప్‌గ్రేడ్’ పెట్టాను. రెండో జాబితాలో పై కాలేజీ వచ్చింది, ‘ఫ్రీజ్’ నొక్కాను. ఐపీఎం జాబితా నా దాకా రాలేదు. మండీ లెక్కలు తేలాక నాన్న పీజీ అడ్వాన్సు పంపారు.