పాత వ్యాన్‌తో కొండలు దాటి సముద్రం దాకా

ఈసారి కొండలెక్కి, అటువైపు దిగి, సముద్రం ఒడ్డు దాకా వెళ్లి రావాలని ప్లాన్. దారి మాకు తెలిసిందే. మారిందల్లా వ్యాన్ లోపలి కరెంటు. మాది 1970ల నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 క్యాంపర్‌వ్యాన్. ముందువైపు మధ్యలో గీత లేకుండా ఒకే పెద్ద అద్దం ఉండే రకం. ఈ రూపం 1967లో వచ్చింది, జర్మనీలో 1979 దాకా తయారైంది. ఇంజిన్ వెనకాల ఉంటుంది, గాలితో చల్లబడుతుంది. అంటే బండి నడిపేవాడికి ఇంజిన్ వేడి తెలియదు గానీ, ఇంజిన్ పక్కన కూర్చున్న బ్యాటరీకి బాగా తెలుస్తుంది.

ఇంతకుముందు రాత్రికి ఎక్కడ ఆగాలన్నది మా చేతిలో ఉండేది కాదు. లీజర్ బ్యాటరీ, అంటే ఇంజిన్‌తో సంబంధం లేకుండా లోపలి లైట్లకూ ఫ్రిజ్‌కూ ఉండే రెండో బ్యాటరీ, అది చెప్పినచోట ఆగేవాళ్లం. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే ఒక ఆంప్ చొప్పున వంద గంటలు ఇచ్చేంత నిల్వ) లెడ్ యాసిడ్ బ్యాటరీ అని పేరే గానీ, ఎక్కువ కాలం బతకాలంటే సగానికి మించి వాడకూడదు. చేతికి వచ్చేది 50 ఏహెచ్. మా కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 4 ఆంప్స్ లాగుతుంది. గంటలో 20 నిమిషాలు నడిచిందనుకున్నా రోజుకు 32 ఏహెచ్. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపితే 40 దాటుతుంది. రెండో రాత్రికల్లా ఫ్రిజ్ కీచుమని ఆగిపోయేది, మేం ప్లగ్ పాయింట్ ఉన్న క్యాంప్‌సైట్ కోసం చీకట్లో వెతుక్కునేవాళ్లం.

మా బావమరిది ఎప్పట్నుంచో పోరు పెడుతున్నాడు. "లిథియం పెట్టేసెయ్ బావా, ఇక టెన్షనే ఉండదు." లిథియం పెట్టడం తప్పు కాదు. పాతది తీసి ఆ వైర్లకే కొత్తది తగిలించడమే తప్పు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ, ఎంత కరెంటు ఇస్తే అంతా లాగేస్తుంది. మా ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది, చూస్తే మొత్తం 55 ఆంప్స్‌ది, అదీ ఇంజిన్ బాగా తిరిగినప్పుడే. ఐడ్లింగ్‌లో దాని ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, చల్లబడదు. పాత స్ప్లిట్ ఛార్జ్ రిలే, అంటే బండి నడిచేటప్పుడు రెండో బ్యాటరీకి కరెంటు పంపే స్విచ్, రెండు బ్యాటరీలనూ నేరుగా కలిపేస్తుంది తప్ప లాగేవాణ్ణి ఆపదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

అందుకే రిలే తీసేసి డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాం. స్టార్టర్ బ్యాటరీ వైపు నుంచి కరెంటు తీసుకుని, లిథియంకి కావలసిన 14.4 వోల్టులకు పెంచి, తన పరిమితికి మించకుండా ఇస్తుంది. 30 ఆంప్స్‌ది కొనమని బావమరిది, 20 చాలని నేను. ఎవరు రైటో ఘాట్ రోడ్డు తేల్చింది. సగం ఎక్కామో లేదో వాన పట్టుకుంది. హెడ్‌లైట్లు, వెనక లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ అన్నీ కలిపి ఇరవై ఆంప్స్ దాకా తింటున్నాయి. మా ఛార్జర్ 20 ఇవ్వాలంటే లోపలికి 23, 24 తీసుకుంటుంది. మొత్తం 44. అదే 30 ఆంప్స్‌ది అయితే 35 తీసుకునేది, లెక్క సరిగ్గా 55కి చేరేది. సెకండ్ గేర్‌లో ఎక్కుతున్న యాభై ఏళ్ల బండి దగ్గర ఆ లెక్కకు నేను సిద్ధంగా లేను. "సరే బావా, ఒప్పుకున్నాం" అన్నాడు, కిటికీ అద్దం తుడుస్తూ.

ఇంజిన్ ఆగాక కూడా ఛార్జర్ లాగుతూ కూర్చుంటే పొద్దున బండి స్టార్ట్ కాదు. అందుకే దాన్ని ఆల్టర్నేటర్ డీ ప్లస్ టెర్మినల్‌కి, అంటే డాష్‌బోర్డులో ఛార్జింగ్ దీపానికి వెళ్లే నీలం వైరుకి ముడిపెట్టాం. ఇంజిన్ తిరిగి ఆల్టర్నేటర్ పని మొదలెడితేనే ఇది నిద్ర లేస్తుంది.

కొండ మీద సరస్సు పక్కన బండి ఆపేసరికి మూడు గంటల డ్రైవింగ్‌లో బ్యాటరీకి దగ్గర దగ్గర 60 ఏహెచ్ చేరింది. పాత ఏర్పాటులో ఇందులో సగం కూడా ఎక్కేది కాదు. కారణం బ్యాటరీ ఒక్కటే కాదు, వైరింగ్. ఎప్పుడో ఒక వర్క్‌షాప్‌లో చేయించిన పని అది. సన్నటి వైరు లాగారు, నెగటివ్‌ని పెయింట్ గీకకుండానే బాడీ బోల్టుకి బిగించారు. విప్పి చూస్తే వాషర్ కింద ఆకుపచ్చ పెయింట్ అలాగే ఉంది, దాని చుట్టూ తుప్పు. మీటర్‌తో చూస్తే దారిలోనే అర వోల్టుకు పైగా పోతోంది. ఆ అర వోల్టు లేకపోతే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎప్పటికీ ఫుల్ అవదు, ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని చస్తుంది. ఇప్పుడు బ్యాటరీని ఇంజిన్ వేడికి దూరంగా వెనక సీటు కింద పెట్టాం. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు, నెగటివ్‌కి కూడా విడిగా వైరే. ఆ తీగకు రెండు చివర్లా బ్యాటరీలే కాబట్టి ఫ్యూజులూ రెండు చివర్లా ఉండాలి. ఒకటే పెట్టి ఊరుకునేవాళ్లను చాలామందిని చూశాను.

సరస్సు దగ్గర మబ్బు వీడలేదు. కప్పు మీది 100 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో 5, 6 ఆంప్స్ ఇస్తుంది, అక్కడ ఒకటి దాటడానికే ఆపసోపాలు పడింది. మబ్బు రోజుల్లో సోలార్‌ని నమ్ముకుని కూర్చోవడం దండగ. అయినా బండి కదపాలన్న తొందర లేకపోయింది. కొత్త బ్యాటరీ కూడా 100 ఏహెచ్‌దే, కానీ 80 దాకా నిర్భయంగా వాడుకోవచ్చు. బరువు పాతదానిలో సగం కూడా లేదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. లెడ్ యాసిడ్ అయితే వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పొచ్చు. కాసేపు వాడకుండా వదిలాక 12.7 అంటే ఫుల్, 12.2 అంటే సగం. లిథియం నిండుగా ఉన్నా, చాలావరకు దిగినా 13 వోల్టుల చుట్టుపక్కలే తిరుగుతుంది. అందుకే నెగటివ్ వైపు షంట్ మీటర్ పెట్టి, వచ్చే కరెంటూ పోయే కరెంటూ లెక్కపెట్టుకోవాలి. బావమరిది గంటకోసారి లేచి ఆ అంకె చూసేవాడు. క్రికెట్ స్కోరు కూడా అంతలా చూడడు.

ఒక రాత్రి బాగా చలి పెట్టింది. తెల్లారేసరికి అద్దాల లోపలివైపు మంచు పొర. మబ్బు విడిపోయి ఎండ ప్యానెల్ మీద పడుతోంది గానీ మీటర్‌లో ఛార్జింగ్ సున్నా. "బావా, వైరేదో ఊడింది" అంటూ వాడు స్క్రూడ్రైవర్ తీశాడు. ఊడింది ఏమీ లేదు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లిథియం లోహంగా మారి సెల్ లోపల పేరుకుంటుంది, అది మళ్లీ బాగయ్యే దెబ్బ కాదు. అందుకని బ్యాటరీలోనే ఉండి దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఛార్జింగ్ తలుపు మూసేస్తుంది. వాడుకోవడానికి అడ్డు చెప్పదు, లైట్లు, పంపు మామూలుగానే నడిచాయి. సీటు కింద పలక తీసి, వెనక తలుపు ఎండ వైపు తెరిచి పెట్టాం. చాలాసేపటికి మీటర్ సున్నా నుంచి ఒక్కసారిగా 3.8కి ఎగిరింది. వాడు స్క్రూడ్రైవర్ డబ్బాలో పడేశాడు.

సముద్రం వైపు దిగాక కథ తిరగబడింది. ఒడ్డున ఎండ దంచేస్తోంది, ఫ్రిజ్ ఆగకుండా నడుస్తోంది, అయినా మధ్యాహ్నానికి సోలార్ దాని వాడకానికి దీటుగా నిలబడింది. తీరం వెంట డ్రైవింగ్‌లో మాత్రం డీసీ-డీసీ ఛార్జర్ 20 నుంచి 13 ఆంప్స్‌కి పడిపోయింది. తాకి చూస్తే చెయ్యి ఆనలేదు. వేడెక్కితే తన పని తనే తగ్గించుకునేలా తయారుచేస్తారు వాటిని. మూసి ఉన్న బీరువాలో, వేడి వదిలే రెక్కలు అడ్డంగా ఉండేలా బిగించాం కాబట్టి గాలి ఆడలేదు. అప్పటికి బీరువా తలుపు తాడుతో తెరిచి కట్టి నడిపాం, అరగంటలో 18కి వచ్చింది.

తిరిగొచ్చాక ముందు ఆ ఛార్జర్‌ని రెక్కలు నిలువుగా ఉండేలా తిప్పి, తలుపుకి కిందా పైనా రంధ్రాలు వేశాం. బయటి ప్లగ్ పాయింట్‌కి తగిలించే మెయిన్స్ ఛార్జర్ ఇంకా పాతదే ఉంది. ఎప్పుడూ 13.8 వోల్టుల దగ్గరే నిలబడే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా అది, లిథియం సెట్టింగ్ ఉన్నది కొనేదాకా దాని ప్లగ్ పీకేసి ఉంచాను. బండి కొన్నాళ్లు షెడ్డులోనే ఉంటుంది కాబట్టి లిథియంని ఫుల్ చేయకుండా 60 శాతం దగ్గర వదిలి, సోలార్ ఫ్యూజు తీసి, మెయిన్ స్విచ్ ఆపాను.