రాములోరి పెళ్లికి భద్రాద్రి వెళ్లాం

ఊరి పందిట్లో సీతారామ కల్యాణం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. భద్రాచలంలో జరిగేది మాత్రం టీవీలో చూడ్డమే. ఈ ఏడు శ్రీరామనవమికి మా వారూ నేనూ బయల్దేరాం. గదుల కోసం కాస్త టెన్షన్ పడ్డాం, చివరికి సత్రంలో చోటు దొరికింది.

ముందురోజే గోదావరిలో మునిగి మూలవిరాట్టును చూసుకున్నాం. ఇక్కడి రాముడికి నాలుగు చేతులు. విల్లంబులతో పాటు శంఖచక్రాలు పట్టి, సీతమ్మను ఎడమ తొడమీద కూర్చోబెట్టుకుని ఉంటాడు. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

క్యూలో మా ముందు గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నిలబడింది. గోటి తలంబ్రాలు తెచ్చిందట. సంచిలో మిగిలిన వడ్లు నాలుగు నా చేతిలో పోసి, ఎలా ఒలవాలో చూపించింది. గింజ మొనను బొటనవేలి గోటితో గిచ్చి, పొట్టును మెల్లగా విడదీయాలి. బియ్యపు గింజ విరిగితే పనికిరాదు. "పెళ్లి బియ్యం కదమ్మాయ్, రోకటి పోటు తగలనిస్తామా?" అంది. ఆ నాలుగు గింజలకే నా గోరు మంటెత్తింది. ఊరంతా కూర్చుని బస్తాలకు బస్తాలు ఒలుస్తారంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నవమినాడు మిథిలా స్టేడియంలో ఎండ మాడుస్తోంది. ఎవరూ కదల్లేదు. సరిగ్గా అభిజిత్ లగ్నానికి జీలకర్ర బెల్లం పెట్టారు. తర్వాత మంగళసూత్రధారణ. పుట్టింటివారిదొకటి, అత్తింటివారిదొకటి ఎక్కడైనా ఉండేవే. భద్రాద్రిలో మూడోది కూడా కడతారు, అది రామదాసు చేయించినది. తానీషా కొలువులో తహశీల్దారుగా ఉంటూ, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరలో మగ్గిన కంచర్ల గోపన్న ఆయనే. మూడు సూత్రాలనూ పైకెత్తి చూపిస్తుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఒక భక్తుడు సీతమ్మకు తండ్రి వరసయ్యాడు! ఆ వడ్లు ఒలిచిన పెద్దావిడా ఆ వరసలోదే కదా అనిపించింది.

ఇక్కడి తలంబ్రాలు గులాల్ కలపడం వల్ల ఎర్రగా ఉంటాయి. ఫాల్గుణ పౌర్ణమి నాడే వాటిని కలపడం మొదలుపెడతారు. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. ఈ ఆనవాయితీ తానీషా నాటిదని చెబుతారు.

కల్యాణం కాగానే జనం బస్టాండు దారి పట్టారు. మేం ఆగాం. మర్నాడు దశమికి అదే మండపంలో రాముడికి పట్టాభిషేకం. రాజదండం, రాజముద్రిక, ఖడ్గం, కిరీటం ఒక్కొక్కటే సమర్పిస్తారు. మీరు వెళ్తే దశమి దాకా ఉండేలా టికెట్ చేయించుకోండి.